నొక్కిన కీ ఎక్కడ ఆగిపోయింది? ట్యాబ్లెట్‌పై కోడింగ్ నోట్‌బుక్‌ల షార్ట్‌కట్ చిక్కులు

ల్యాప్‌టాప్‌పై జూపిటర్, కోలాబ్ వంటి కోడింగ్ నోట్‌బుక్‌లతో పని చేసి చేయి తిరిగినవారు అదే నోట్‌బుక్‌ను కీబోర్డు తగిలించిన ట్యాబ్లెట్‌పై తెరిస్తే, మొదటి పది నిమిషాల్లోనే కొన్ని వింతలు ఎదురవుతాయి. షిఫ్ట్ పట్టుకొని ఎంటర్ నొక్కితే సెల్ మామూలుగానే రన్ అవుతుంది. ఎస్కేప్ నొక్కి కొత్త సెల్ తెరుద్దామనుకుంటే కీబోర్డుపై ఎస్కేప్ కీయే కనిపించకపోవచ్చు. కోడ్ సూచనల కోసం కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే టైపింగ్ భాష మారిపోతుంది. కీబోర్డు తీసేసి తెర మీద టైపు చేద్దామంటే షార్ట్‌కట్లలో సగానికి దారే దొరకదు.

వీటన్నిటినీ కలిపి ‘ట్యాబ్లెట్‌లో షార్ట్‌కట్లు పనిచేయవు’ అని తేల్చేయడం పరిపాటి. అసలు గందరగోళం ఆ మాటతోనే మొదలవుతుంది. పైన చెప్పినవన్నీ ఒకే సమస్య కావు. ఎస్కేప్ విషయంలో కీ పుట్టనే లేదు, కంట్రోల్, స్పేస్ విషయంలో పుట్టిన కీని దారిలో మరొకరు తీసుకున్నారు, తెర మీది కీబోర్డు విషయంలో కీ వచ్చినా దాని గుర్తింపు చెరిగిపోయింది. ఒకదానికి పనికొచ్చే పరిష్కారం మరొకదానికి పనికిరాదు కాబట్టి, ఏది ఎక్కడ ఆగిందో విడదీసి చూడటం అవసరం.

## సెల్, రెండు మోడ్‌లు, ఒక పాత నిర్ణయం

కోడింగ్ నోట్‌బుక్ అంటే కోడ్‌ను, దాని ఫలితాన్ని, మధ్యలో రాసుకున్న వివరణను ఒకే పేజీలో ముక్కలు ముక్కలుగా ఉంచే పద్ధతి. ఆ ముక్కకే సెల్ అని పేరు. సెల్‌లోని కోడ్‌ను నడిపేది కెర్నెల్ అనే మరో ప్రోగ్రామ్. అది చాలాసార్లు ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. కంటి ముందు కనిపించేది మాత్రం బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ముందుముందు చాలా విషయాలు వాటంతట అవే విడిపోతాయి: నోట్‌బుక్ షార్ట్‌కట్లు ఒక వెబ్ పేజీ కోరుకుంటున్నవే తప్ప, పరికరం గుర్తించిన అధికారిక షార్ట్‌కట్లు కావు. ఐప్యాడ్‌లో కమాండ్ కీని కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ యాప్ షార్ట్‌కట్ల పట్టిక తెరపై వస్తుంది. నోట్‌బుక్ తెరిచి ఉన్నప్పుడు నొక్కినా అందులో కనిపించేవి బ్రౌజర్ షార్ట్‌కట్లే. సెల్ రన్ చేసే షార్ట్‌కట్ ఆ పట్టికలో ఉండదు, ఎందుకంటే అలాంటిది ఒకటుందని వ్యవస్థకు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, తెలియదు.

2011లో జూపిటర్‌కు పూర్వరూపమైన ఐపైథాన్ 0.12తో నోట్‌బుక్ మొదటిసారి వచ్చినప్పుడు షార్ట్‌కట్లకు ముందు కంట్రోల్+ఎం నొక్కాలి, ఆ తర్వాత ఒక అక్షరం. 2014లో ఐపైథాన్ 2.0 ఈ పద్ధతిని మార్చి రెండు మోడ్‌లను తెచ్చింది. ఎడిట్ మోడ్‌లో నొక్కిన అక్షరం కోడ్‌లోకి వెళ్తుంది. కమాండ్ మోడ్‌లో అదే అక్షరం ఆజ్ఞ అవుతుంది: ఏ నొక్కితే పైన కొత్త సెల్, బి నొక్కితే కింద, డి రెండుసార్లు నొక్కితే ఉన్న సెల్ తొలగింపు, ఎం నొక్కితే అది వివరణ సెల్‌గా మారడం, ఐ రెండుసార్లు నొక్కితే నడుస్తున్న కోడ్‌ను ఆపడం. ఎడిట్ నుంచి కమాండ్‌కు ఎస్కేప్, కమాండ్ నుంచి ఎడిట్‌కు ఎంటర్. జూపిటర్ నేటికీ ఈ పద్ధతిలోనే నడుస్తోంది. కోలాబ్ మాత్రం కంట్రోల్+ఎం తర్వాత అక్షరం అనే తొలినాటి ధోరణిలోనే ఉంది.

డెస్క్‌టాప్‌పై ఈ రెండు మోడ్‌ల అమరిక ఎంతో వేగాన్నిస్తుంది. కానీ దాని వెనుక ఎవరూ పైకి చెప్పని రెండు ఊహలున్నాయి: ఎస్కేప్ కీ ఎప్పుడూ ఉంటుందని, కీబోర్డు ఎక్కడికీ పోదని. ట్యాబ్లెట్ ఈ రెంటినీ వమ్ము చేస్తుంది.

## ‘ఎక్స్ = 5’ అని టైపు చేస్తే సెల్ మాయమైంది

మోడ్‌ల వల్ల వచ్చే నష్టం ఎలా ఉంటుందో ఒక చిన్న ఉదాహరణలో చూడవచ్చు. తెరను రెండుగా పంచుకొని ఒకవైపు నోట్‌బుక్, మరోవైపు ఏదో పత్రం పెట్టుకున్నారనుకుందాం. పత్రం చూసి, తిరిగి నోట్‌బుక్‌కు వచ్చి సెల్‌ను వేలితో తాకారు. వేలు కోడ్ ఉన్న చోట కాక సెల్ ఎడమ అంచున పడింది. సెల్ ఎంపికైనట్టే కనిపిస్తుంది, కానీ లోపల కర్సర్ లేదు. అంటే ఉన్నది కమాండ్ మోడ్‌లో. అది గమనించకుండా ‘ఎక్స్ = 5’ అని టైపు చేశారు.

కమాండ్ మోడ్‌లో ఎక్స్ అంటే సెల్‌ను కట్ చేయడం. కాబట్టి మొదటి అక్షరానికే ఆ సెల్ మాయమై, దాని కింది సెల్ ఎంపికవుతుంది. స్పేస్ నొక్కితే పేజీ కిందికి జరుగుతుంది. చివరి 5 అంటే ఎంపికలో ఉన్న సెల్‌ను ఐదో స్థాయి శీర్షికగా మార్చడం, అంటే కింది సెల్‌లోని కోడ్ కాస్తా శీర్షిక అయి కూర్చుంటుంది. కట్ అయిన సెల్‌ను వి నొక్కి తిరిగి అతికించవచ్చు, శీర్షికగా మారినదాన్ని వై నొక్కి మళ్లీ కోడ్‌గా మార్చవచ్చు. కానీ ఏం జరిగిందో అర్థమైతేనే కదా ఆ పని చేయగలిగేది! ల్యాప్‌టాప్‌పైనా ఇది జరుగుతుంది. మౌస్ మొన ఉన్న చోట వేలి కొన ఉంటే మరింత తరచుగా జరుగుతుంది.

## నొక్కిన కీ నోట్‌బుక్ దాకా వచ్చే దారి

కీ నొక్కిన క్షణం నుంచి సెల్ స్పందించే దాకా నాలుగు గడపలున్నాయి. కీబోర్డు ముందుగా ఒక సంకేతం పంపాలి. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చూసి, అది తన సొంత షార్ట్‌కట్ కాకపోతేనే ముందున్న యాప్‌కు ఇస్తుంది. ఆ యాప్ బ్రౌజర్ కాబట్టి, ట్యాబ్ మూయడం వంటి తన పనులకు కేటాయించుకున్న కీలను అది ఉంచుకొని మిగిలినవి పేజీకి వదులుతుంది. చివరకు పేజీకి ‘కీడౌన్’ అనే ఈవెంట్ అందుతుంది. నోట్‌బుక్ ప్రోగ్రామ్ దాన్ని చదివి, ఇప్పుడు ఏ మోడ్‌లో ఉన్నామో చూసి, తగిన పని చేస్తుంది.

ఆ ఈవెంట్‌లో కీ గురించి ఒకటి కాదు, మూడు సమాచారాలుంటాయి. ‘కీ’ అనే గుణం ఏ అక్షరం పుట్టిందో చెబుతుంది. ‘కోడ్’ అనేది కీబోర్డుపై ఏ చోటున్న మీట నొక్కారో చెబుతుంది, అక్షరంతో దానికి పని లేదు. మూడోది ‘కీకోడ్’ అనే అంకె. వెబ్ ప్రమాణాల్లో దీన్ని ఇక వాడవద్దని గుర్తించినా, పాత కోడ్‌లో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఈ మూడింటికీ తేడా ఎందుకో తెలుగులో టైపు చేసేవారికి వెంటనే అర్థమవుతుంది. వివరణ సెల్‌లో తెలుగు రాయడానికి ఇన్‌స్క్రిప్ట్ అమరికకు మారారు. రాయడం అయ్యాక కమాండ్ మోడ్‌కు వచ్చి, కింద కొత్త సెల్ కోసం బి మీట నొక్కారు. ఆ మీట ఇన్‌స్క్రిప్ట్‌లో ‘వ’. ‘కీ’ గుణాన్ని చదివే ప్రోగ్రామ్‌కు అందేది ‘వ’. దానికి ఏ ఆజ్ఞా లేదు కాబట్టి ఏమీ జరగదు. ‘కోడ్’ను చదివే ప్రోగ్రామ్‌కు మాత్రం అది బి మీటే, సెల్ వస్తుంది. అయితే ‘కోడ్’నే వాడితే సరిపోతుందా అంటే అదీ కాదు. ఫ్రాన్స్‌లో వాడే అజర్టీ అమరికలో ఏ, క్యూ అక్షరాలు చోట్లు మార్చుకుంటాయి. చోటును బట్టి చదివితే అక్కడివారు ఏ నొక్కినప్పుడు ప్రోగ్రామ్‌కు క్యూ అని వినిపిస్తుంది. అందరికీ నప్పే ఎంపిక ఇందులో లేదు.

## ఎస్కేప్ లేని కీబోర్డు

మొదటి గడప దగ్గరే ఆగిపోయే కీ ఎస్కేప్. ఐప్యాడ్ కోసం ఆపిల్ 2015లో తెచ్చిన స్మార్ట్ కీబోర్డులోనూ, 2020లో తెచ్చిన మ్యాజిక్ కీబోర్డులోనూ ఈ కీ లేదు. అంకెల వరుసతోనే కీబోర్డు ముగుస్తుంది. 2022లో వచ్చిన మ్యాజిక్ కీబోర్డ్ ఫోలియోలో 14 కీల అదనపు వరుసతో పాటు ఎస్కేప్ వచ్చింది. 2024లో ఐప్యాడ్ ప్రో కోసం వచ్చిన మ్యాజిక్ కీబోర్డులోనూ అలాంటి వరుసే ఉంది. అంటే ఒకే కంపెనీ కీబోర్డు అయినా, ఏ ఏడాదిది అన్నదాన్ని బట్టి ఈ ఇబ్బంది ఉండవచ్చు, లేకపోవచ్చు. ఒకరికి పనిచేసింది మరొకరికి పనిచేయకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

కీ లేనప్పుడు దాని పనిని మరో కీకి అప్పగించవచ్చు. 2020లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13.4 నుంచి, సెట్టింగ్స్‌లోని హార్డ్‌వేర్ కీబోర్డు విభాగంలో, క్యాప్స్ లాక్ వంటి మాడిఫయర్ కీని ఎస్కేప్‌గా మార్చే వీలుంది. క్యాప్స్ లాక్‌ను రోజూ వాడేవారు అరుదు కనుక ఎక్కువమంది దాన్నే వదులుకుంటారు. ఇది వ్యవస్థ స్థాయిలో జరిగే మార్పు. బ్రౌజర్‌కు గానీ నోట్‌బుక్‌కు గానీ తేడా తెలియదు, నిజమైన ఎస్కేప్ వచ్చినట్టే ఉంటుంది.

పరికరం జోలికి వెళ్లకుండా నోట్‌బుక్‌లోనే ఉన్న మరో దారి అంతగా ప్రచారంలో లేదు. ఎడిట్ మోడ్ నుంచి బయటపడటానికి జూపిటర్ ఎస్కేప్‌తో పాటు కంట్రోల్+ఎంను కూడా ఒప్పుకుంటుంది. రెండు మోడ్‌లు రాకముందు ముందుమాటగా నొక్కిన కీలే ఇవి. పాత అలవాటు ఒకటి ఇలా వెనుక తలుపుగా మిగిలిపోయి, పదేళ్ల తర్వాత ట్యాబ్లెట్ వాడేవారికి అక్కరకొచ్చింది.

టెర్మినల్ అలవాటున్నవారు ఇక్కడ ఒక పొరపాటు పడుతుంటారు. టెర్మినల్‌లో కంట్రోల్‌తో ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కితే ఎస్కేప్ నొక్కినట్టే, ఎందుకంటే అక్షరాలకు అంకెలు కేటాయించే యాస్కీ పట్టికలో రెండూ 27వ సంకేతమే. వెబ్ పేజీకి వచ్చేది యాస్కీ సంకేతం కాదు, కీడౌన్ ఈవెంట్. అందులో అది కంట్రోల్, బ్రాకెట్ అనే రెండు కీలుగానే ఉంటుంది, ఎస్కేప్ కాదు.

ఇంకో చిన్న సంగతి: కోడ్ సూచనల జాబితా తెరిచి ఉన్నప్పుడు మొదటి ఎస్కేప్ ఆ జాబితాను మూస్తుంది, మోడ్ మారదు. రెండోసారి నొక్కాలి. ఎస్కేప్‌గా మార్చిన క్యాప్స్ లాక్ ‘ఒక్కోసారి’ పనిచేయడం లేదని అనిపించే సందర్భాల్లో కొన్ని నిజానికి ఇవే.

## దారిలో మరొకరు తీసుకునే కీలు

రెండో గడప ఆపరేటింగ్ సిస్టమ్. కోలాబ్‌లో కోడ్ సూచనలకు వాడే కంట్రోల్+స్పేస్, ఐప్యాడ్‌లో టైపింగ్ భాష మార్చే షార్ట్‌కట్. ఒకటి కంటే ఎక్కువ భాషల కీబోర్డులు పెట్టుకున్నవారికి, అంటే ఇంగ్లిష్‌తో పాటు మాతృభాషలోనూ రాసే ప్రతి ఒక్కరికీ, ఇది ఎదురవుతుంది. ఇక్కడ నోట్‌బుక్ తప్పేమీ లేదు. ఆ కీ దాని దాకా రానే లేదు. కమాండ్+హెచ్ హోమ్ స్క్రీన్‌కు తీసుకుపోవడం, కమాండ్+స్పేస్ వెతుకులాట పెట్టె తెరవడం కూడా ఇలాంటివే.

యాక్సెసబిలిటీలోని ఫుల్ కీబోర్డ్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే ట్యాబ్ కీ తెరపై ఒక అంశం నుంచి మరో అంశానికి జరగడానికి పనిచేస్తుంది. జూపిటర్‌లో అదే కీ కోడ్ పూరించడానికీ, వరుసను లోపలికి జరపడానికీ కావాలి. తెరను తాకలేనివారికి ఆ సదుపాయం తప్పనిసరి. కాబట్టి దీన్ని లోపం అనలేం, రెండు న్యాయమైన అవసరాలు ఒకే కీ కోసం పోటీ పడుతున్నాయనాలి. ఆండ్రాయిడ్ సంగతి వేరు: పాత వెర్షన్లలో యాప్ పట్టించుకోని ఎస్కేప్‌ను వ్యవస్థ ‘బ్యాక్’గా తీసుకునేది. కమాండ్ మోడ్ కోసం నొక్కితే పేజీయే వెనక్కి పోవడం దాని ఫలితం.

మూడో గడప బ్రౌజర్. ఇక్కడ ఐప్యాడ్‌కు ఒక సౌలభ్యముంది, దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోరు. ఆపిల్ పరికరాల్లో బ్రౌజర్ తన పనులకు ఎక్కువగా కమాండ్ కీని వాడుకుంటుంది కనుక, కంట్రోల్ షార్ట్‌కట్లలో చాలావరకు పేజీకి మిగులుతాయి. ఆండ్రాయిడ్‌లో బ్రౌజర్ వాడేదీ కంట్రోలే. జూపిటర్‌లోని టెర్మినల్‌లో ఒక మాట చెరపడానికి అలవాటుగా కంట్రోల్+డబ్ల్యూ నొక్కితే, ఐప్యాడ్‌లో మాట చెరిగే చోట ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ట్యాబ్ మూసుకుపోతుంది.

ఐప్యాడ్‌లో ‘సఫారీ వదిలి క్రోమ్‌లో ప్రయత్నించండి’ అనే సలహాను కూడా ఇక్కడే తూచి చూడాలి. ఐఫోన్, ఐప్యాడ్‌లలో బ్రౌజర్లన్నీ లోపల, పేజీలను నడిపే ఆపిల్ సొంత వెబ్‌కిట్ ఇంజిన్‌నే వాడాలన్నది ఆపిల్ ఏళ్ల తరబడి అమలు చేసిన నియమం. యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్ల చట్టం ఒత్తిడితో 2024లో అక్కడ సడలింపు మొదలైంది. కాబట్టి బ్రౌజర్ మారిస్తే ఆ బ్రౌజర్ సొంత షార్ట్‌కట్లు మారతాయి గానీ, కీడౌన్ ఈవెంట్‌ను తయారుచేసే యంత్రాంగం చాలాచోట్ల అదే ఉంటుంది.

## తెర మీది కీబోర్డు: గుర్తింపు కోల్పోయిన అక్షరాలు

విడి కీబోర్డు లేనప్పుడు సమస్య స్వరూపమే మారిపోతుంది. తెర మీది కీబోర్డు కీలను పంపే పరికరం కాదు, పాఠాన్ని పంపే ప్రోగ్రామ్. మాట పూర్తయ్యే దాకా అది అక్షరాలను తన దగ్గర ఉంచుకొని సరిచేయవచ్చు, మొత్తం మాటనే మార్చవచ్చు. అందుకే ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఏ అక్షరం తాకినా కీడౌన్ ఈవెంట్‌లో తరచుగా వచ్చే కీకోడ్ ఒక్కటే, 229. ‘ఇది ఇంకా టైపింగ్ ప్రోగ్రామ్ చేతిలో ఉంది’ అని దాని భావం. బి తాకినా డి తాకినా 229 అయినప్పుడు ఆ అంకెను నమ్ముకున్న షార్ట్‌కట్ ఏది ఏదో ఎలా తేల్చుకుంటుంది?

దీనికన్నా మౌలికమైన చిక్కు మరొకటుంది. కమాండ్ మోడ్ అంటే కర్సర్ ఏ పాఠంలోనూ లేని స్థితి. కర్సర్ ఏ పాఠంలోనూ లేకపోతే ట్యాబ్లెట్ కీబోర్డును తెర మీద నుంచి దించేస్తుంది. కాబట్టి కమాండ్ మోడ్‌లోకి వెళ్లిన క్షణమే, ఆజ్ఞలు ఇవ్వడానికి కావలసిన మీటలు మాయమవుతాయి. ఒక కీ లేకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. ఆ మోడ్ నిర్వచనానికీ తెర మీది కీబోర్డు నిర్వచనానికీ పొసగదు. ఎన్ని సెట్టింగులు మార్చినా ఇది తీరదు. పైనున్న పనిముట్ల పట్టీలోని బటన్లే అక్కడ దారి.

షార్ట్‌కట్లు కాకపోయినా వాటితో పాటు ఫిర్యాదుల్లోకి వచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. సూటిగా ఉండాల్సిన కోట్ గుర్తులను వంపు కోట్‌లుగా మార్చే స్మార్ట్ పంక్చుయేషన్ వాటిలో ముఖ్యమైంది. కంటికి రెండూ దాదాపు ఒకటే. పైథాన్‌కు మాత్రం సూటి కోట్ యూనికోడ్‌లో 34, వంపు కోట్ 8220. ఎడిటర్ ఈ మార్పును అడ్డుకోని చోట, సరిగ్గా ఉన్నట్టు కనిపించే వరుసకే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. మాట తర్వాత రెండు స్పేస్‌లు కొడితే చుక్క పడటం, ప్రింట్ అనే మాట మొదటి అక్షరం పెద్దదై ఆ పేరే తెలియదని పైథాన్ మొరాయించడం కూడా ఈ కోవలోవే.

## ఎడిటర్ ఏది అన్నదీ ముఖ్యమే

సెల్ లోపల కోడ్ రాసే పెట్టె ఒక ప్రత్యేకమైన ఎడిటర్. జూపిటర్‌ల్యాబ్ చాలాకాలం కోడ్‌మిర్రర్ 5ను వాడి, 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో కోడ్‌మిర్రర్ 6కు మారింది. స్పర్శ తెరలను, వాటి కీబోర్డులను దృష్టిలో ఉంచుకొని మళ్లీ మొదటి నుంచి రాసిన వెర్షన్ అది. కోలాబ్‌లో ఉన్నది మొనాకో. మొబైల్ బ్రౌజర్లకు మద్దతు లేదని దాని తయారీదారులే చెప్పి ఉన్నారు. అందుచేత ఒకే ట్యాబ్లెట్, ఒకే కీబోర్డు, ఒకే కోడ్ అయినా, జూపిటర్‌లో ఒకలా కోలాబ్‌లో మరోలా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

## ఎవరు సర్దుకోవాలి

దీనిపై మూడు వాదనలు వినిపిస్తాయి. కీలు పేజీకి పూర్తిగా అందనివ్వాలి, మధ్యలో వ్యవస్థ, బ్రౌజర్ అడ్డుపడకూడదన్నది ఒకటి. ట్యాబ్లెట్‌ను కంప్యూటర్‌గా అమ్ముతున్నప్పుడు కంప్యూటర్‌లా ప్రవర్తించాలనడంలో న్యాయముంది. కానీ ఏ పేజీ అయినా అన్ని కీలనూ తన గుప్పిట పెట్టుకోగలిగితే, ట్యాబ్ మూయనివ్వని మోసపు పేజీకీ అదే అధికారం దక్కుతుంది. కొన్ని కీలను బ్రౌజర్ వదలకపోవడం వాడేవారి రక్షణ కోసమే.

నోట్‌బుక్ తయారీదారులే మారాలన్నది రెండో వాదన. జూపిటర్‌ల్యాబ్‌లోనూ కోలాబ్‌లోనూ షార్ట్‌కట్లను ఎవరికి వారు మార్చుకునే వీలు ఇప్పటికే ఉంది, కాబట్టి విడి కీబోర్డు ఉన్నవారికి ఈ దారి చాలావరకు సరిపోతుంది. తెర మీది కీబోర్డుకు మాత్రం మార్చుకోవడం చాలదు, కమాండ్ మోడ్‌కు ప్రత్యామ్నాయమే కావాలి.

వెబ్ పేజీని వదిలి, జూనో, కార్నెట్స్ వంటి ఐప్యాడ్ యాప్‌లకు మారడం మూడోది. యాప్ తన షార్ట్‌కట్లను వ్యవస్థ దగ్గర నమోదు చేసుకోగలదు. 2021లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15 నుంచి, వ్యవస్థ సాధారణంగా తానే తీసుకునే కొన్ని కీలకు తన షార్ట్‌కట్‌కే ప్రాధాన్యం ఇవ్వమని కూడా కోరగలదు. అయితే కార్నెట్స్‌లో కోడ్ నడిచేది ట్యాబ్లెట్ లోపలే. కోలాబ్‌లో ఉచితంగా దొరికే జీపీయూ (భారీ లెక్కలను వేగంగా చేసే చిప్) కోసమే నోట్‌బుక్ తెరిచేవారికి అది ప్రత్యామ్నాయం కాదు. నా దృష్టిలో విడి కీబోర్డు వాడేవారికి రెండో వాదనే అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే దానికి మరెవరి అనుమతీ అక్కర్లేదు.

## ఏ గడప దగ్గర ఆగిందో తేల్చే ప్రయోగం

ఊహలతో పని లేకుండా దీన్ని చూడటానికి నోట్‌బుక్‌లోనే ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. ఒక సెల్‌లో ఖాళీ పాఠపు పెట్టెనూ, దానికి కీడౌన్ వచ్చినప్పుడల్లా ‘కీ’, ‘కోడ్’, ‘కీకోడ్’ విలువలను చూపే నాలుగైదు వరుసల జావాస్క్రిప్ట్‌నూ రాసి రన్ చేస్తే చాలు. ఆ పెట్టెలో కర్సర్ పెట్టి కంట్రోల్+స్పేస్ నొక్కినప్పుడు, కంట్రోల్ ఒక్కటే కనిపించి స్పేస్ జాడ లేకపోతే, దాన్ని వ్యవస్థో బ్రౌజరో తీసుకుందని అర్థం. 229 కనిపిస్తే తెర మీది కీబోర్డు గుర్తింపును దాచింది. ‘కీ’ విలువలో ‘వ’, ‘కోడ్’ విలువలో బి మీట ఉంటే చిక్కు భాష అమరికది. అన్నీ సరిగ్గా కనిపించి కూడా నోట్‌బుక్ స్పందించకపోతే మోడ్‌నో, షార్ట్‌కట్ల సెట్టింగునో అనుమానించాలి.

కోలాబ్‌లో ఈ పరీక్ష చేసేవారికి ఇంకో విషయం కూడా బయటపడుతుంది. అక్కడ ఫలితాలు ప్రధాన పేజీలో కాక, దాని లోపల వేరు చేసి ఉంచిన ఐఫ్రేమ్ అనే చట్రంలో ఉంటాయి. పరీక్ష పెట్టెలో నొక్కిన కీలు ఆ చట్రానికే చేరతాయి, బయట ఉన్న నోట్‌బుక్‌కు అందవు. అంటే గ్రాఫ్‌ను పెద్దది చేసి చూడటానికి వేలితో ఒకసారి తాకిన తర్వాత షిఫ్ట్+ఎంటర్‌కు ఉలుకూ పలుకూ లేకపోతే, కీబోర్డుకు ఏమీ కాలేదు. కోడ్ ఉన్న చోట మరోసారి తాకి, అదే షార్ట్‌కట్ నొక్కితే సెల్ రన్ అవుతుంది.